అక్షహృదయము: ఏకాంతాభ్యాసము, జూదపు బల్ల

పాచిక మిక్కిలి చిన్న వస్తువు. దానికి ఆరు ముఖములు మాత్రమే కలవు. కాని ఆ ఆరు ముఖముల వెంట ఎన్ని రాజ్యములు తరలిపోయినవో, ఎన్ని సంసారములు వీథిని పడినవో లెక్కించుట ఎవరి తరము? ధర్మమే రూపు దాల్చినట్టి యుధిష్ఠిరుడంతటివాడు సైతము దాని ముందు నిలువలేకపోయెను. పంచమవేదమైన మహాభారతమున కథ మలుపు తిరిగినది యుద్ధభూమియందు కాదు. పాచికలు పరచిన సభయందు. కావున ఈ విషయమును గూర్చి ఆలోచించుట గృహస్థులమైన మనకు అనావశ్యకము కాదు.

కొంతకాలము క్రిందట తిరుమలలో స్వామివారి దర్శనమైన పిమ్మట ఒక సత్రపు అరుగుపై కూర్చుండి యుంటిని. ప్రక్కన కూర్చున్న వృద్ధ గృహస్థు ఒకరు మాట కలిపిరి. వారి కుమారుడు అమెరికాలో ఉద్యోగి. ఆయన చెప్పిన మాటలివి: “అయ్యా, మావాడికి దురభ్యాసములు లేవు. అయినను రాత్రివేళ గదిలో ఒంటరిగా కూర్చుండి రెండు పాచికలు విసరుచుండునట. పడిన ప్రతి సంఖ్యను పుస్తకములో వ్రాసికొనునట. నేను మందలించితే ‘నాన్నగారూ, ఇది జూదము కాదు, అభ్యాసము. చేయి కుదిరిన తరువాత లాస్ వేగాస్ వెళ్లి క్రాప్స్ ఆడెదను’ అనుచున్నాడు. ఒంటరిగా విసరుట తప్పా? అది తప్పు కానిచో, అవే పాచికలను అక్కడ విసరుట మాత్రము తప్పెట్లగును? వానికేమి చెప్పవలెనో నాకు తోచకున్నది.”

ఆ తండ్రి ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఇమిడి యున్నవి. పాచికలయందు అభ్యాసముచే సాధింపదగిన విద్య ఏదైన కలదా అనునది మొదటిది. చేయి అదియే, పాచికలు అవియే అయినప్పుడు, ఏకాంతమునకును జూదపు బల్లకును భేదమేమి అనునది రెండవది. ఈ రెంటిని వరుసగా విచారింతము.

తానికాయ చెప్పు కథ

మన ఇండ్లలో త్రిఫలచూర్ణమునకు కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ అను మూడింటిని వాడుదురు. అందలి తానికాయయే వేదకాలపు పాచిక. సంస్కృతమున దానిని విభీతకమందురు. ఆ కాయలను రాశిగా పోసి, చేతికి వచ్చినన్ని తీసి, నాలుగేసి చొప్పున లెక్కించెడివారు. శేషము లేకున్న కృతము, మూడు మిగిలిన త్రేత, రెండు మిగిలిన ద్వాపరము, ఒక్కటి మిగిలిన కలి. మన యుగములకున్న పేర్లే ఈ పందెములకును ఉండుట గమనింపదగినది. కలి యనగా ఓటమి పందెము. ఋగ్వేదము పదవ మండలమునందు జూదరి పశ్చాత్తాపమును తెలుపు సూక్తము ఒకటి కలదు. ఇల్లాలు విడనాడుట, బంధువులు తెలియనట్లు నటించుట, అప్పులవారికి వెరచి రాత్రులయందు పరుల ఇండ్ల చుట్టు తిరుగుట మున్నగు దుఃఖములన్నియు అందు వర్ణింపబడినవి. చివరకు పాచికలను వదలి పొలము దున్నుకొమ్మను హితవు వినవచ్చును. వేల సంవత్సరముల నాటి ఆ ఇంటి దుఃఖము నేటి ఇంటి దుఃఖము వలెనే యున్నది.

నలుడు నేర్చినది ఏమి?

పాచికలయందు విద్య కలదా యను ప్రశ్నకు భారతమే సమాధానము చెప్పుచున్నది. ఆరణ్యపర్వమున బృహదశ్వ మహర్షి ధర్మరాజునకు వినిపించిన నలోపాఖ్యానమును నన్నయభట్టారకుడు మనకు తెనుగున ప్రసాదించెను. కథ అందరెరిగినదే. శౌచమునందు కలిగిన ఒక చిన్న లోపమును సందుగా గొని కలి నలునిలో ప్రవేశించెను. తమ్ముడు పుష్కరుడు జూదమునకు పిలిచెను. ఆట నెలల తరబడి సాగెను. మంత్రులు వారించిరి, పౌరులు వాకిట నిలిచిరి, దమయంతి కన్నీరు పెట్టుకొనెను. నలునికి ఏదియు వినబడలేదు.

సర్వము కోల్పోయి, రూపు మారి, బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణుని సారథిగా ఉన్న నలునికి విద్య లభించిన ఘట్టమును నెమ్మదిగా చదువవలెను. విదర్భకు రథము తోలుచుండగా దారిలో ఒక తాని చెట్టు కనబడెను. ఋతుపర్ణుడు దానిని చూచినంతనే ఆకుల సంఖ్యను, కాయల సంఖ్యను చెప్పెను. నలుడు నమ్మలేదు. రథము నిలిపి, చెట్టును కూల్చి, కాయలను లెక్కించి చూచెను. సంఖ్య సరిపోయెను. అప్పుడు ఋతుపర్ణుడు తాను అక్షహృదయమును, సంఖ్యాశాస్త్రమును ఎరిగిన వాడనని తెలిపి, అశ్వహృదయమునకు మారుగా ఆ విద్యను నలునికి ఉపదేశించెను. ఆ క్షణముననే కలి నలుని శరీరమును విడిచి వెలికి వచ్చి తాని చెట్టున చేరెను.

ఇందలి అంతరార్థము స్పష్టము. అక్షహృదయమనగా చేతివాటము కాదు; సంఖ్యాజ్ఞానము. నలుడు గెలుచుటకు పూర్వము లెక్కించెను. లెక్కించుటకు పూర్వము సందేహించెను. లెక్క తెలిసినవానియందు కలి నిలువజాలడు. ఈ ఘట్టమును పాశ్చాత్య పండితులును గుర్తించిరి. సంభావ్యతా గణితము పుట్టుకను గూర్చి 1975లో గ్రంథము ప్రకటించిన ఇయాన్ హాకింగ్ నల ఋతుపర్ణుల కథను అందు ప్రస్తావించెను. ఐరోపాలో పాచికల లెక్క ఆలస్యముగా వచ్చినది. ఇటలీ దేశీయుడు కార్డానో పదునారవ శతాబ్దమున వ్రాసిన గ్రంథము 1663లో గాని అచ్చు కాలేదు. పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచి గణితజ్ఞులు 1654లో జూదపు సమస్యలను గూర్చి వ్రాసికొన్న లేఖలతో ఆ శాస్త్రము నిలదొక్కుకొనెను.

క్రాప్స్ ఆట స్వరూపము

ఇక ఆ యువకుడు ఆడదలచిన ఆటను చూతము. ఇంగ్లండులోని హేజర్డ్ అను పాత పాచికల ఆట అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరమున మార్పు చెంది క్రాప్స్ అయినది. నెవాడా రాష్ట్రము 1931లో జూదమును చట్టబద్ధము చేసినది. లాస్ వేగాస్ ఆ రాష్ట్రములోనిదే. తూర్పు తీరమున అట్లాంటిక్ సిటీలో మొదటి క్యాసినో 1978లో తెరువబడినది.

ఆటలో రెండు పాచికలుండును. వానిని విసరిన 36 విధములుగా పడవచ్చును. రెండు, పండ్రెండు ఒక్కొక్క విధముగనే వచ్చును. ఏడు మాత్రము ఆరు విధముల వచ్చును. కావున ఏడు తరచుగా పడు సంఖ్య. ముఖ్యమైన పందెమునకు పాస్ లైన్ అని పేరు. మొదటి విసరున ఏడు గాని పదునొకండు గాని పడిన గెలుపు. రెండు, మూడు, పండ్రెండులలో ఏది పడినను ఓటమి. మరి ఏ సంఖ్య పడినను అది గురి యగును. ఆ గురి సంఖ్య మరల పడినచో గెలుపు; అంతకు ముందే ఏడు పడినచో ఓటమి. మొదట మిత్రమైన ఏడు తరువాత శత్రువగుట ఈ ఆటలోని విచిత్రము.

ఈ పందెమును పూర్తిగా లెక్క కట్టినచో 495 పందెములకు సగటున 244 గెలుపులు, 251 ఓటములు వచ్చును. భేదము ఏడు మాత్రమే. నూటికి సుమారు 1.41 వంతు. ఇది స్వల్పముగా తోచును. కాని పందెమునకు పది డాలర్ల చొప్పున 495 సార్లు ఆడినవాడు సగటున డెబ్బది డాలర్లు బల్లకు సమర్పించి లేచును. అదే బల్లపై ఇంకను క్రూరమైన పందెములు కలవు. తరువాతి విసరున ఏడు పడునని కాచు పందెమునకు ఒకటికి నాలుగు ఇత్తురు. న్యాయముగా ఐదు ఇయ్యవలెను. అందు జూదగృహమునకు మిగులునది నూటికి 16 కన్న ఎక్కువ. మోసపు పాచికలతో పని లేదు. పాచిక నిర్దోషమైనది; దోషము చెల్లింపులో దాగి యున్నది.

ఏకాంతమున విసరిన పాచిక

ఆ యువకుని వంటి సాధకులు అమెరికాలో పలువురు కలరు. వారి విశ్వాసమిది: పాచికలను ఒక నిర్ణీతమైన అమరికలో పట్టుకొని, ఒకే బలముతో, ఒకే ఎత్తున, మెత్తగా విసరినచో, అవి జంటగా తిరిగి, తక్కువగా ఎగిరి, ఏడు పడుట తగ్గునని. ఇందుకై ఇండ్లలో పెట్టెలు కట్టుకొని వేల సార్లు విసరుదురు. వారి శ్రద్ధను పరిహసింపరాదు. కాని ఇందు ఒక సూక్ష్మము కలదు.

పాచికలో ఎదురెదురు ముఖముల మొత్తము ఏడు. ఒకటికి ఎదుట ఆరు, రెంటికి ఎదుట ఐదు, మూటికి ఎదుట నాలుగు. ఒకటి, ఆరు ప్రక్కలకు ఉండునట్లు పట్టి, బండిచక్రము వలె ఇరుసుపై మాత్రమే తిరుగునట్లు విసరితిమనుకొందము. అప్పుడు రెండు, మూడు, నాలుగు, ఐదు మాత్రమే పైకి వచ్చును. రెండు పాచికలకు కలసి 36 విధములకు బదులు 16 విధములు. రెండు పాచికలు ఒక్క తీరున అడుగు కలిపి తిరిగినచో ఏడు పడనే పడదు. కాని ఇరుసు నిలిచి, అడుగు కలియకున్నచో? పదునారింట నాలుగు మార్లు ఏడు పడును. అనగా ఆరింట ఒకటిగా ఉండిన ఏడు నాలుగింట ఒకటి యగును. తప్పింపదలచిన ఏడే పెరిగినది! అరకొర విద్య అజ్ఞానము కన్న హానికరమని పెద్దలు చెప్పుట ఇట్టి చోటనే అనుభవమునకు వచ్చును.

తన చేతికి నేర్పు అబ్బినదో లేదో తెలియుటకు సాధనము కలదా? కలదు, అది ఋతుపర్ణుని సాధనమే. సహస్రాష్టోత్తర సంఖ్యను తీసికొందము. 1008 సార్లు విసరినచో దైవవశమున ఏడు సుమారు 168 సార్లు పడవలెను. అయితే కచ్చితముగా అంతయే పడదు. పండ్రెండో పదమూడో అటునిటు అగుట సహజము. ఇరువది నాలుగు వరకు తేడా వచ్చుటయు కలదు. ఆరింట ఒకటిని ఏడింట ఒకటిగా తగ్గించితినని చెప్పువానికి 144 పడవలెను. అనగా వేయి విసరుల పిమ్మట గూడ నేర్పునకును అదృష్టమునకును గల భేదము ఆ సందేహపు అంచుననే నిలుచును. ఇరువది విసరులలో ఏడు పడలేదని పొంగిపోవువాడు లెక్క ఎరుగనివాడు. ఆ నేర్పు కలదని గణితజ్ఞులు ఒప్పుకొనిన నిరూపణ నేటికిని లేదు. 2009లో అట్లాంటిక్ సిటీలో ఒక స్త్రీ నాలుగు గంటలకు పైగా 154 సార్లు వరుసగా పాచికలు విసరి ఓడక నిలిచినది. ఆ వార్త లోకమంతయు వ్యాపించెను. కాని ఆ రాత్రి ఇతర బల్లల వద్ద రెండు మూడు విసరులతో ఓడినవారి పేర్లు ఏ పత్రికయు వ్రాయలేదు. పాచికకు జ్ఞాపకము లేదు. గడచిన విసరు రాబోవు విసరునకు సాక్ష్యము కాదు.

బల్ల వద్ద మారునది

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇంటి గదికిని బల్లకును భేదమేమి?

మొదటిది గోడ. క్రాప్స్ బల్ల ఆవలి చివర గోడకు చిన్న చిన్న గోపురముల వంటి మొనలు గల రబ్బరు తొడుగు ఉండును. విసరిన పాచికలు రెండును ఆ గోడను తాకవలెనని జూదగృహమువారి నియమము. ఇంటిలో కుదిరిన అమరికను చెదరగొట్టుటకే ఆ మొనలు.

రెండవది వంతు. ఇంటిలో వేయి విసరులు కొన్ని రాత్రుల పని. బల్ల వద్ద పాచికలు ఒకరి చేతి నుండి మరియొకరి చేతికి పోవుచుండును. తన వంతు వచ్చువరకు ఇతరుల విసరులపై డబ్బు కాచుటకు చేయి ఉవ్విళ్లూరును. అభ్యాసము తనది, ఓటమి పరులది అగును.

మూడవది ఫలము. ఇంటిలో పుస్తకమున వ్రాయబడునది ఏడుల సంఖ్య; అక్కడ వ్రాయబడునది ధనము. ధనము కూడ ధనముగా కానరాదు. రంగుబిళ్లలుగా మారి యుండును. ఇల్లాలి నగలకై దాచినది, బిడ్డల చదువునకై ఉంచినది ఆ బిళ్లలలో ముఖము చూపదు.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది, మనస్సు. ఇంటిలో ఏడు పడిన ‘పడినది’ అని వ్రాసికొందుము. బల్ల వద్ద ఏడు పడిన ‘పోయినది, తిరిగి రాబట్టవలెను’ అని తలంతుము. ఈ ‘తిరిగి రాబట్టవలెను’ అను తలంపే కలి. నలుని నెలల తరబడి కూర్చుండబెట్టినది అదియే. ధర్మరాజు మొదటి ద్యూతమున కోల్పోయినదంతయు ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చివేసెను. అయినను మరల పిలువగానే మరల వచ్చి, పండ్రెండేండ్ల అరణ్యవాసమును, ఒక ఏటి అజ్ఞాతవాసమును కొనితెచ్చుకొనెను. ఆయనకు ద్యూతమన్న ప్రీతి కలదు, నేర్పు లేదు అని శకుని ముందే గ్రహించి యుండెను. జూదగృహము వెదకునది సరిగా అట్టి అతిథినే.

మనస్సును అభ్యాసముచేతను, వైరాగ్యముచేతను నిగ్రహింపవచ్చునని గీతాచార్యుడు అర్జునునకు ఉపదేశించెను. ఆ రెండును జంట గుఱ్ఱములు. వైరాగ్యము లేని అభ్యాసము బల్ల వైపునకే లాగును. బృహదశ్వుని వలన అక్షహృదయమును పొందిన తరువాత ధర్మరాజు విరాటుని కొలువున కంకుడై పాచికలాడెను. కాని అప్పుడు రాజ్యకాంక్ష లేదు, పంతము లేదు. నలుడును పుష్కరునితో మరల ఆడెను. ఒక్క పందెముతో రాజ్యమును గెలిచి, తమ్ముని క్షమించి, వాని భాగమును వానికిచ్చి, పాచికలను వదలెను. అక్షహృదయము తెలిసినందుకు గురుతు మరల మరల ఆడుట కాదు, నిలిపివేయగలుగుట.

రాజనీతి, భాగవతము

కౌటిల్యుడు జూదమును ఒకే చోట, అధ్యక్షుని కనుసన్నలలో జరిపించి, గెలిచినవాని నుండి నూటికి ఐదు వంతులు రాజునకు గ్రహింపుమనెను. అనగా జూదగృహపు లాభము కొత్త విషయము కాదు. మనువు ద్యూతమును రాజ్యమునుండియే తొలగింపుమనెను. ఈ రెండు మతములును నేటికిని ప్రక్కప్రక్కనే కలవు. గోవా, సిక్కిం రాష్ట్రములు క్యాసినోలకు అనుమతి ఇచ్చినవి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టములను సవరించి, ఫోనుల ద్వారా నడచు జూదమును గూడ నిషేధ పరిధిలోనికి తెచ్చినవి. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. నాడు జూదమునకై లాస్ వేగాస్ వరకు పోవలసియుండెను. తరువాత అది ప్రక్కగదిలోని పిల్లవాని అరచేతికే వచ్చినది. చట్టము వాకిలి మూయగలదు. మనస్సు కిటికీని మూయవలసినది మనమే.

శ్రీమద్భాగవతము ప్రథమ స్కంధమున పరీక్షిన్మహారాజు కలికి నివాసములను చూపు సందర్భమున ద్యూతమును పేర్కొనుట మనకు తెలిసినదే. గీతయందు స్వామి వంచకులలో ద్యూతము తానే యని చెప్పుటయు కలదు. ఆ శక్తిని తక్కువగా అంచనా వేయవలదని ఆ మాటలోని హెచ్చరికగా గ్రహింపవలెను.

స్వామితో ఆడిన ఆట

ఇంతమాత్రమున పాచికయే పాపిష్ఠమని తలపరాదు. తిరుమలలో ఆలయమునకు చేరువనున్న హాథీరాంజీ మఠమును యాత్రికులు ఎరుగుదురు. ఉత్తరదేశము నుండి వచ్చిన బావాజీ కుటీరమునకు శ్రీనివాసుడు రాత్రులయందు వేంచేసి పాచికలాడెడివాడని ఐతిహ్యము. ఒకనాడు స్వామి కంఠహారము అక్కడ మరచిపోగా, బావాజీపై దొంగతనపు నింద పడెను. బండెడు చెరకును ఒక్క రాత్రిలో తినవలెనని పరీక్ష పెట్టిరి. స్వామియే ఏనుగు రూపమున వచ్చి ఆ చెరకును ఆరగించి భక్తుని కాపాడెను. ఆ పరంపరకు చెందిన మహంతులే 1843 నుండి 1933 వరకు ఆలయ నిర్వహణ భారమును వహించిరి. బావాజీ పాచికలు పట్టినది ధనమునకు కాదు, స్వామి సన్నిధికి. అందువలన ఆ ఆటలో ఓడినను గెలుపే.

మన ఇండ్లలో వైకుంఠ ఏకాదశి జాగరణమునాడు పెద్దలు, పిన్నలు కలసి వైకుంఠపాళి పరచుకొని గవ్వలు వేయుట కలదు. పాము మ్రింగినవాడు నవ్వును, నిచ్చెన ఎక్కినవాడును నవ్వును. తెల్లవారునప్పటికి ఎవరి సొమ్మును పోదు. పందెము లేనిచోట పాచిక పాఠము. పందెము పెట్టినచోట పాశము.

ఆనాడు సత్రపు అరుగుపై ఆ వృద్ధునికి ఇంత విస్తారముగా చెప్పుటకు వ్యవధి లేకపోయెను. “మీ వానిని కోపింపకుడు. 1008 విసరులు విసరి, ఏడులు ఎన్నియో లెక్కించి, దాచక వ్రాయుమనుడు. లెక్క పూర్తి అగువరకు బల్ల వద్దకు పోవనని మాట తీసికొనుడు” అని మాత్రము చెప్పితిని. కొన్ని మాసములకు వారి నుండి జాబు వచ్చినది. కుమారుడు లెక్క పంపెనట: ఏడులు 171. “నాన్నగారూ, నా చేయియు అందరి చేతి వంటిదే” అని వ్రాసి, ఆ పాచికలను మనుమల వైకుంఠపాళి పెట్టెలో వేసితినని తెలిపెనట.

లెక్క చూచిన నలుని నుండి కలి తొలగినట్లు, లెక్క చూచిన ఆ యువకుని నుండియు ఆ భ్రమ తొలగెను. మన ఇండ్లలోని బిడ్డలకును అట్టి వివేకమును, తెలిసిన తరువాత నిలుపగల ధైర్యమును శ్రీనివాసుడు ప్రసాదించుగాక!